ఇంకా రెండొందల డాలర్లు బాకీ

పేపర్ మూన్ గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. 1973లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ ఇంగ్లీషు సినిమా ఇది, కామెడీ. ఒక మోసగాడు, ఒక తొమ్మిదేళ్ళ పిల్ల, ఒక కారు, ఊరూరా తిరుగుతూ జనాన్ని బురిడీ కొట్టించడం, కథంతా ఇంతే. ఇంతవరకు చెబితే చాలు, మిగతాది వినేవాళ్ళే పూరించేస్తారు: పిల్ల ముద్దుముద్దుగా మాట్లాడుతుంది, వాడి మనసు కరుగుతుంది, చివర్లో కౌగిలించుకుని ఏడుస్తారు అని. చివర్లో కౌగిలింతా లేదు, కన్నీళ్ళూ లేవు. ఉన్నదల్లా ఒక బాకీ. ఆ పిల్లకు వాడు రెండొందల డాలర్లు ఇవ్వాలి. మొదట్లోనే పుట్టిన ఆ బాకీ ఆఖరి నిమిషం దాకా తీరదు. ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఏమవుతారో ఒక్క మెత్తని మాట కూడా వాడకుండా ఇంత గట్టిగా చెప్పిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

కథ 1930ల అమెరికాలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో జరుగుతుంది. పనుల్లేవు, చేతిలో డబ్బుల్లేవు, సామాన్లన్నీ కట్టుకుని వలసపోతున్న కుటుంబాలు దారిలో అక్కడక్కడా కనబడుతుంటాయి. కాన్సాస్ రాష్ట్రంలో ఒక శ్మశానంలో యాడీ అనే పిల్ల తల్లిని పూడుస్తున్నారు. చుట్టూ ఉన్నది నలుగురే. అక్కడికి మోజెస్ ప్రే అనేవాడు, అందరూ మోజ్ అంటారు, తల్లికి ఒకప్పుడు తెలిసినవాడు, కారేసుకుని వస్తాడు. పిల్లను చూసి వాడిని చూసినవాళ్ళు, దవడ అచ్చం నీలాగే ఉందే అంటారు. వాడు కాదంటాడు. ఎలాగూ అటే పోతున్నావు కదా, పక్క రాష్ట్రం మిసోరీలో సెయింట్ జోసెఫ్ అనే ఊళ్ళో పిల్ల తల్లి తోబుట్టువు ఒకావిడ ఉంది, దింపేసి పో అని అంటగడతారు. వాడు దింపడానికి ఒప్పుకున్నదే ఒక లెక్కతో. తల్లి కారు ప్రమాదంలో పోయింది, ఆ కారు నడిపినవాడి అన్నదమ్ముల్లో మిల్లు నడిపే ఒకాయన దగ్గరికి పిల్లను వెంటబెట్టుకుని పోయి, ఈ అనాథ సంగతేంటి అని బెదిరించి రెండొందల డాలర్లు రాబడతాడు. ఆ డబ్బుతో కారు బాగుచేయించుకుని, పిల్లకు రైలు టికెట్ కొని చేతిలో పెట్టి, ఇంక నాకూ నీకూ సరి అనుకుంటాడు. పిల్ల ఆ బేరమంతా విన్నది.

రైలుకు ముందు హోటల్లో కూర్చున్న సీను ఉంది చూడండి. వాడేమో తిను తిను అంటుంటాడు. పిల్ల ప్లేటు ముట్టదు. నా రెండొందల డాలర్లు నాకు కావాలి అంటుంది. వాడు నసుగుతాడు, పిల్ల గొంతు పెంచుతుంది, పక్క బల్లల వాళ్ళంతా తలలు తిప్పుతారు. ఖర్చైపోయాయి, ఇప్పుడు నా దగ్గర లేవు అంటే, అయితే సంపాదించు, లేదంటే ఎలా రాబట్టావో పోలీసుకు చెప్తా, నాది కాబట్టి నాకే ఇప్పిస్తారు అంటుంది. ఏడవదు, బతిమాలదు. అమ్మను పూడ్చి ఒక రోజు కాలేదు, ముఖంలో దుఃఖం ఉంది, కానీ ఆ దుఃఖాన్ని ఎదుటివాడికి అమ్మదు. దాన్ని అమ్ముకోబోయింది వాడు, మిల్లాయన దగ్గర. ఈ ఒక్క సీనుతోనే ఇద్దరి స్థానాలూ ఖాయమైపోతాయి. ఇక్కడ పెద్దమనిషి ఎవరంటే పిల్లే.

మా అక్క కూతురు ఎండాకాలం సెలవులకు చిత్తూరు నుంచి మా ఇంటికి వచ్చినప్పుడు దానితో కలిసి చూశాను. తిరుపతిలో మే నెలలో పొద్దున పదకొండు దాటితే గడప దాటలేం, ఫ్యాను కింద చాప పరిచి ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. బ్లాక్ అండ్ వైట్ అనగానే మొహం ముడుచుకుంది. హోటల్ సీను వచ్చేసరికి లేచి మోకాళ్ళ మీద కూర్చుంది. అక్కడి నుంచి ప్రతి పావుగంటకూ అదే ప్రశ్న, "చిన్నమ్మా, ఆ రెండొందలు ఇచ్చేశాడా లేదా?" పక్కన కూర్చుని చూసేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న కచ్చితంగా అదే.

మోజ్ చేసే వ్యాపారం బైబిళ్ళు అమ్మడం. పేపర్లో చనిపోయినవాళ్ళ ప్రకటనలు చదువుతాడు. కొత్తగా మొగుడు పోయిన ఆడవాళ్ళ పేర్లు చూసుకుని, ఆ పేరు బైబిలు మీద బంగారు రంగు అక్షరాలతో అచ్చు గుద్ది, తెల్ల చొక్కా టై కట్టుకుని ఇంటికి పోయి ఆయన లేరా అండీ అని అడుగుతాడు. పోయారని చెబితే అయ్యయ్యో అని తల దించుకుంటాడు. మీ పేరు మీద మంచి బైబిలు ఒకటి ఆర్డర్ ఇచ్చారు, ఒక డాలరు అడ్వాన్సు కట్టారు, పోనీలెండి, డాలరు వెనక్కిచ్చేస్తాను అంటాడు. ఏ భార్య వద్దంటుంది? చివరిసారిగా తన కోసం ఏదో కొన్నాడు అనుకుని లోపలికి పోయి డబ్బు తెస్తుంది.

దేవుడి పేరుతో జరిగే వ్యాపారం మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఈ సీన్లు నాకు ఇంకొంచెం బాగా ఎక్కాయి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో మాకు అంగడి ఉండేది. స్వామి ఫొటోలు, ఇత్తడి దీపాలు, పసుపుకుంకాలు, పిల్లలకు గాజులు, కీచైన్లు. నిజాయితీగా నడిచే అంగళ్ళ మధ్యనే తప్పుడు పని చేసేవాళ్ళూ ఉంటారు. దర్శనం టికెట్లు ఇప్పిస్తాం, కొండ మీద గది ఇప్పిస్తాం అని బస్టాండు దగ్గరా స్టేషన్ దగ్గరా పట్టుకునే దళారులను గురించి తిరుపతి వాళ్ళకు చెప్పక్కర్లేదు. వాళ్ళు ఎవరిని పట్టుకుంటారో గమనించండి. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, చంకలో బిడ్డతో, ఎటు పోవాలో తెలియక నిలబడ్డవాళ్ళనే. దేవుణ్ణి చూడాలన్న తొందరలో ఉన్న మనిషి అనుమానించడు, మొగుడు పోయిన మనిషీ అనుమానించదు. మోసానికి కావాల్సింది తెలివితక్కువ వాళ్ళు అని మనం అనుకుంటాం గానీ, ఈ సినిమా చూస్తే తెలుస్తుంది, దానికి కావాల్సింది ప్రేమలోనో భక్తిలోనో ఉన్నవాళ్ళు. మోజ్‌కు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే నవ్వుతూ చూస్తున్నా కడుపులో ఎక్కడో కలుక్కుమంటూనే ఉంటుంది.

అక్కడే యాడీ వ్యాపారంలో చేరుతుంది. ఒక ఇంట్లో మోజ్ దొరికిపోయేలా ఉంటే కారులోంచి దిగి వచ్చి నాన్నా అని పిలిచి గట్టెక్కిస్తుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ భాగస్వాములు. నాకు మొత్తం సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ధర పెట్టే పని పిల్ల తన చేతుల్లోకి తీసుకుంటుంది. ఒక ఇంటికి పోతారు, పెద్ద ఇల్లు, లోపల సామాన్లు, ఆమె ఒంటి మీద నగలు. మోజ్ మామూలు ధర చెప్పబోతుంటే పిల్ల అడ్డం వచ్చి ఇరవై నాలుగు డాలర్లు అంటుంది. వాడి గుండె ఆగినంత పనవుతుంది. ఆమె మారుమాట్లాడకుండా ఇచ్చేస్తుంది. ఇంకో ఇంటికి పోతారు, ఆమె చుట్టూ పిల్లలు, అందరివీ ఎండిపోయిన మొహాలు. మోజ్ నోరు తెరిచేలోపు పిల్ల, ఆయన డబ్బంతా ముందే కట్టేశారమ్మా అని చెప్పి బైబిలు చేతిలో పెట్టి వచ్చేస్తుంది. కారులో మోజ్ మండిపడతాడు.

ఇది దానం కాదు, జాలి కూడా కాదని నాకనిపిస్తుంది. మా అవ్వ అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. ఫొటోల మీద ధర రాసి ఉండేది కాదు, ధర అవ్వ నోట్లో ఉండేది. కారు దిగి ఏసీ కావాలన్నట్టు విసుక్కుంటూ లోపలికి వచ్చినవాళ్ళకు ఒక ధర. గుండు చేయించుకుని, తలకు గంధం పూసుకుని, కొంగు ముడిలోంచి నలిగిన నోట్లు తీసేవాళ్ళకు ఇంకో ధర. ఒక్కోసారి అది కూడా లేకుంటే, "తీసుకోమ్మా, మళ్ళీ కొండకు వచ్చినప్పుడు ఇద్దువులే" అనేది. మళ్ళీ ఎప్పుడు వస్తారు, ఎవరు వస్తారు? కొందరు వచ్చేవాళ్ళు, నిజంగానే, ఏళ్ళ తర్వాత, అవ్వ మరిచిపోయిన బాకీ గుర్తుచేసి మరీ ఇచ్చేవాళ్ళు. అవ్వ సరుకులో మోసం చేసేది కాదు, అది వేరే సంగతి. కానీ మనిషిని చూసి ఎంత అడగొచ్చో, ఎవరిని అసలు అడగకూడదో తేల్చుకునే ఆ చూపు ఉంది చూడండి, యాడీ కళ్ళల్లో అచ్చం అదే చూపు. తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర అది ఎలా వచ్చిందంటే, లేమిని లోపలి నుంచి చూసింది కాబట్టి వచ్చింది. మోజ్ చూసేది పేపర్లో పేరు, పిల్ల చూసేది గుమ్మంలో నిలబడ్డ మనిషి.

చిల్లర మోసం కూడా ఉంది సినిమాలో. మా అక్క కూతురికి అర్థం కాలేదు, ఆపి కాగితం మీద వేసి చూపించాను. అంగళ్ళలో పనిచేసేవాళ్ళకు పనికొస్తుంది కాబట్టి రూపాయల్లోకి మార్చి ఇక్కడా రాస్తున్నాను. ఒకడు వచ్చి మూడు రూపాయల వస్తువు తీసుకుని యాభై నోటు ఇస్తాడు. మనం నలభై ఏడు చిల్లర ఇస్తాం. వాడు జేబులోంచి ఇంకో మూడు రూపాయలు తీసి దానికి కలిపి, చిల్లర నాకెందుకండీ, ఈ యాభై తీసుకుని నోటే ఇచ్చేయండి అంటాడు. మనం యాభై నోటు వాడి చేతిలో పెడతాం. ఆ చిల్లర ఇంకా బల్ల మీదే ఉంది, గల్లాపెట్టెలో వేయలేదు. అప్పుడు వాడు చేతిలోని యాభై నోటును చిల్లర పక్కన పెట్టి, ఇదిగో యాభై, అదిగో యాభై, మొత్తం వంద, వంద నోటు ఇవ్వండి సరిపోతుంది అంటాడు. ఇస్తాం. వాడు పోతాడు. బల్ల మీద వంద ఉంది, మనం ఇచ్చింది వంద, లెక్క సరిగ్గానే కనబడుతుంది. కానీ ఆ వందలో యాభై మనదే, అంతకుముందే మనం ఇచ్చిన నోటే. సాయంత్రం లెక్క చూసుకుంటే యాభై తక్కువ. మధ్యలో వాడు ఆపకుండా మాట్లాడుతూనే ఉంటాడు, ఎండ గురించో, పిల్లల గురించో. మోసం మాటల్లో లేదు, తొందరలో ఉంది. దీనికి మందు ఒకటే, ఒక మార్పిడి పూర్తయి డబ్బు పెట్టెలో పడేదాకా రెండో మార్పిడికి ఒప్పుకోకూడదు. మా నాయన మా అందరికీ నేర్పిన మొదటి సూత్రం అది.

ఇంకోటి నోటు మీద రాత. మోజ్ ముందుగా పోయి ఇరవై డాలర్ల నోటు మారుస్తాడు, దాని మీద పుట్టినరోజు శుభాకాంక్షలు, హెలెన్ అత్త అని రాసి ఉంటుంది. కాసేపటికి పిల్ల పోయి చిన్న నోటుతో ఏదో కొని, చిల్లర లెక్కపెట్టుకుని, నేనిచ్చింది ఇరవై కదా అని మొదలుపెడుతుంది. మా హెలెన్ అత్త నా పుట్టినరోజుకు ఇచ్చింది, దాని మీద రాసింది కూడా అని కళ్ళనీళ్ళు. పెట్టెలో చూస్తే నోటు ఉండనే ఉంది! ఇక్కడ మాత్రం పిల్ల ఏడుస్తుంది. అవసరమైనప్పుడు ఏడవగలదు, హోటల్లో తన సొంత డబ్బు అడిగేటప్పుడు ఏడవలేదు. ఈ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టి చూడండి, ఆ పిల్ల ఎంత మర్యాద గల మనిషో తెలుస్తుంది.

పిల్లగా నటించింది టేటమ్ ఓనీల్, మోజ్‌గా నటించింది ఆమె సొంత తండ్రి ర్యాన్ ఓనీల్. దర్శకుడు పీటర్ బగ్డనోవిచ్. అంతకు ముందు సంవత్సరం ఇదే హీరోతో ఒక కామెడీ తీసి హిట్టు కొట్టినవాడు. ఆధారం జో డేవిడ్ బ్రౌన్ 1971లో రాసిన నవల, దాని పేరు యాడీ ప్రే. పేరు మార్చింది దర్శకుడు, 1933 నాటి ఒక పాటలోంచి పేపర్ మూన్ అనే మాట తీసుకున్నాడు. పేరు ముందు వచ్చింది, ఆ పేరుకు తగ్గట్టు జాతరలో కాగితపు చందమామ మీద కూర్చుని ఫొటో దిగే సీను తర్వాత చేర్చారు. అలా చేర్చిన సీనే చివరికి సినిమాను మోసింది, ఆ సంగతి కిందకు వస్తాను.

కెమెరా లాస్లో కొవాచ్. ఎర్ర ఫిల్టరు వాడమని పేరున్న పాతతరం దర్శకుడు ఆర్సన్ వెల్స్ సలహా ఇచ్చాడట, దానివల్ల ఆకాశం బూడిదరంగులో తేలిపోకుండా చిక్కగా, మబ్బులు విడివిడిగా కనబడతాయి. కాన్సాస్ అంతా చదును. ఎటు చూసినా అడ్డం లేదు, రోడ్డు ఒక గీతలా పోయి ఆకాశంలో కలిసిపోతుంది. మాకు ఇక్కడ ఏ వీధిలో తలెత్తినా ఉత్తరాన కొండ గోడలా నిలబడి ఉంటుంది, ఊరికి ఒక అంచు ఉందన్న ధైర్యం ఉంటుంది. ఆ సినిమాలో దాక్కోవడానికి చెట్టు చాటు కూడా లేదు. అంత ఖాళీలో అంత చిన్న కారు, అందులో పోట్లాడుకుంటున్న ఇద్దరు. కారులో పోతూ గొడవపడే ఒక సీను కట్ లేకుండా అలా సాగుతూనే ఉంటుంది, డైలాగు మీద డైలాగు, పిల్ల ఎక్కడా తడబడదు. నేపథ్య సంగీతం విడిగా చేయించలేదు, ఆ కాలం నాటి పాటలూ రేడియో కార్యక్రమాలే వినిపిస్తుంటాయి. రాత్రిపూట మంచంలో పడుకుని సిగరెట్ తాగుతూ రేడియోలో హాస్య కార్యక్రమం వింటుంది యాడీ. నవ్వుతుంది కూడా, తనంతట తాను.

మధ్యలో ట్రిక్సీ డిలైట్ వస్తుంది. జాతరలో డ్యాన్సులు చేసే ఆవిడ, మోజ్ ఆమె వెనక పడిపోతాడు, కారులో ముందు సీటు ఆమెకు పోయి పిల్ల వెనక సీట్లో పడుతుంది. ఒకచోట దారిలో ఆపితే పిల్ల దిగి గట్టెక్కి కూర్చుంటుంది, రానంటే రానంటుంది. ట్రిక్సీ హైహీల్స్‌తో ఆ గట్టు ఎక్కి వస్తుంది. ముందు బుజ్జగిస్తుంది, తర్వాత కోప్పడుతుంది, ఏదీ పనిచేయదు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. చూడమ్మాయ్, నాకు ఏ మగాడితోనూ ఎక్కువ రోజులు నిలవదు, ఎందుకో నాకే తెలియదు, ఎలాగోలా చెడిపోతుంది, కొంచెం ఓపిక పట్టావంటే నీ ముందు సీటు నీకొచ్చేస్తుంది, అందాకా ఈ ట్రిక్సీని ముందు కూర్చోనివ్వు అని. పిల్ల కాసేపు చూసి లేచి కారు దగ్గరికి పోతుంది. మాడలీన్ కాన్ చేసింది ఆ పాత్ర. అప్పటిదాకా నవ్వించిన మనిషి ఆ రెండు నిమిషాల్లో తన బతుకు మొత్తం చెప్పేసింది. నవ్వొస్తుంది, గొంతులో ముద్ద అడ్డం పడుతుంది, రెండూ ఒకేసారి. దానికి పిల్ల కరిగిందా అంటే, నిజం చెప్పిన మనిషికి దారి ఇచ్చింది, అంతే. తర్వాత ఓపిక నశించి, ట్రిక్సీ దగ్గర పనిచేసే ఇమోజీన్ అనే నల్లజాతి అమ్మాయితో కలిసి ఒక ఎత్తు వేస్తుంది, హోటల్ గుమాస్తా ట్రిక్సీ గదిలో ఉండగా మోజ్ సరిగ్గా అప్పుడే తలుపు తెరిచేలా. ఇమోజీన్‌కు ఊరికి పోవడానికి డబ్బులు కూడా ఇస్తుంది. జీతం సరిగ్గా ఇవ్వని చోట చిక్కుకుపోయిన పిల్ల ఆ ఇమోజీన్, యాడీ లెక్కల్లో ఆ పద్దు కూడా ఉంది.

ఆ తర్వాత దొంగసారా వ్యాపారి దగ్గర సారా దొంగిలించి వాడికే అమ్మడం, వాడి అన్నదమ్ముడే పోలీసు అధికారి కావడం, పరుగులు, కారు వదిలి పాత ట్రక్కు ఎక్కడం, ఇదంతా సరదాగా పోతుంది గానీ మొదటి గంటలో ఉన్న చిక్కదనం లేదు. డబ్బు టోపీలో దాచే సీను మాత్రం మా పిల్ల రెండుసార్లు చూసింది.

ఇక్కడి నుంచి ఆఖరు చెబుతున్నాను, చూడాలనుకునేవాళ్ళు రెండు పేరాలు దాటేయండి.

మిసోరీలో మోజ్ దెబ్బలు తిని, ఉన్నదంతా పోగొట్టుకుని, చివరికి పిల్లను ఆ తల్లి తోబుట్టువు ఇంటి దగ్గర దింపుతాడు. మంచి ఇల్లు, మంచి మనిషి, పియానో ఉంది. పిల్ల ఒకప్పుడు కోరుకున్నవన్నీ అక్కడున్నాయి. మోజ్ ట్రక్కు నడుపుకుంటూ పోయి దారిలో ఆపితే, సీటు మీద ఒక కవరు కనబడుతుంది. లోపల జాతరలో దిగిన ఫొటో, కాగితపు చందమామ మీద యాడీ ఒక్కతే. ఆ రోజు మోజ్‌ను రమ్మని పిలిచింది, ట్రిక్సీ ధ్యాసలో వాడు రాలేదు. చూస్తూ ఉంటాడు. అద్దంలో ఎవరో వస్తున్నట్టు కనబడుతుంది, పెట్టె పట్టుకుని పిల్ల పరిగెత్తుకొస్తోంది. వాడు దిగి, నువ్వు ఇక నాతో రావద్దని చెప్పానా లేదా అని అరుస్తాడు. పిల్ల నిలబడి, నువ్వు నాకింకా రెండొందల డాలర్లు బాకీ అంటుంది. ఈలోగా బ్రేకు వేయని ట్రక్కు దానంతటది వాలులోకి దొర్లడం మొదలవుతుంది, ఇద్దరూ వెంటపడి ఎక్కి పోతారు.

తిరుపతిలో దీన్ని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పద్మావతి అమ్మవారితో పెళ్ళికి స్వామి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, కలియుగం చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాడు, మనం హుండీలో వేసేదంతా ఆ వడ్డీకే అని వింటూ పెరిగాం, వడ్డికాసులవాడా అని పిలుచుకుంటాం. చిన్నప్పుడు మా అవ్వను అడిగాను, ఇంతమంది ఇంత వేస్తున్నారు కదా, అప్పు తీరిపోదా అని. "తీరిపోతే ఆయన వైకుంఠానికి ఎల్లిపోడా, మనకెవురుంటారే" అంది. యాడీ ఆ మాట అన్నప్పుడు నాకు అవ్వ గొంతు వినిపించింది. మోజ్ మధ్యలో ఎప్పుడో ఆ డబ్బు ఇచ్చేసి ఉంటే ఆ పిల్లకు వాడిని ఆపే హక్కు ఏముంది? నాన్నా అని పిలిచి ఆపలేదు, వాడు ఒప్పుకోలేదు. నువ్వంటే ఇష్టం అని చెప్పి ఆపలేదు, ఆ పిల్ల నోరు అందుకు తిరగదు. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క పట్టు ఆ బాకీ, దాన్ని అంత జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది. మోజ్‌కూ ఆ సంగతి తెలుసని నా నమ్మకం, డబ్బు చేతిలో ఆడిన రోజుల్లో కూడా లెక్క తేల్చేద్దామని గట్టిగా కూర్చున్నది లేదు.

టేటమ్‌కు ఆస్కార్ వచ్చింది, 1974లో, పదేళ్ళ వయసులో. పోటీ పడి ఆస్కార్ గెలిచినవాళ్ళలో ఇప్పటికీ అందరికంటే చిన్నది ఆమే. ఇచ్చింది మాత్రం సహాయ నటి విభాగంలో. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. దాదాపు ప్రతి సీన్లోనూ ఉన్న పిల్ల, కథను మొదటి నుంచి చివరిదాకా లాక్కుపోయిన పిల్ల సహాయ నటి ఎలా అవుతుంది? వయసు చూసి పక్కకు నెట్టారు తప్ప వేరే కారణం కనబడదు. పైగా అదే విభాగంలో మాడలీన్ కాన్ కూడా పోటీలో ఉంది, ఇద్దరూ ఒకే సినిమా నుంచి. టేటమ్‌ను కథానాయిక విభాగంలో పెట్టి ఉంటే ఆ గట్టు మీద సీనుకు మాడలీన్‌కు రావాల్సింది వచ్చేదేమో.

మన సినిమాల్లో తెలివైన పిల్లలంటే పెద్దవాళ్ళు రాసిన పంచ్ డైలాగులు చిన్న గొంతుతో చెప్పే పిల్లలు. చెప్పాక ఒక క్షణం ఆగుతారు, మనం నవ్వడానికి. టేటమ్ ఎక్కడా ఆగదు. దవడ బిగించి, కనుబొమలు ముడిచి, ఎదుటివాడు అబద్ధం ఆడుతున్నాడా అని చూస్తూ ఉంటుంది. నవ్వులు ఆ చూపులోంచి పుడతాయి. అందుకే ఇన్నేళ్ళయినా పాతబడలేదు. ఇక మోజ్ ఆమెకు నిజంగా తండ్రేనా అన్నది సినిమా చివరిదాకా తేల్చదు. తెర మీద ఉన్నది నిజం తండ్రీకూతుళ్ళు కాబట్టి దవడలు కలుస్తాయి, అది చూపించి కూడా కథ నోరు విప్పదు. మా అక్క తండ్రే అంటుంది. మా అక్క కూతురు కాదంటుంది. నేను ఎటూ చెప్పను, యాడీకే తెలియని సంగతి నాకెందుకు.

పిల్లలకు చూపించొచ్చా అని అడిగేవాళ్ళకు: చూపించొచ్చు, కానీ పక్కన కూర్చోండి. పిల్ల సిగరెట్లు తాగుతుంది, షూటింగులో వాడింది పొగాకు కాదు, లెట్యూస్ ఆకుతో చుట్టినవి, ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ట్రిక్సీ ఏం చేసి బతుకుతుందో అడుగుతారు, సమాధానం సిద్ధం చేసుకోండి, దాటవేస్తే ఊరుకునే సినిమా కాదు ఇది. ఇంగ్లీషు యాస వేగంగా ఉంటుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. బైబిళ్ళ మోసం అర్థం కాకపోతే ఆపి చెప్పండి, అక్కడ తప్పిపోతే ఇరవై నాలుగు డాలర్ల సీనుకు నవ్వు రాదు, పిల్లలున్న ఆ పేద తల్లి సీను అసలు అందదు.